రేపటికల్లా ప్రపంచ సమస్య

సాయంత్రం నాలుగున్నరకు బడి గంట కొడతారు. ఐదింటికల్లా మా కొట్టు ముందు స్కూటీ ఆగుతుంది. దిగిన తల్లి మాట్లాడకుండా ఫోన్ నా ముందు పెడుతుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: 'గ్లోబల్ థీమ్ మీద ప్రాజెక్టు రేపు తప్పనిసరిగా తేవాలి.' మెసేజ్ వచ్చి పది రోజులై ఉంటుంది. పిల్లవాడు వెనక సీటు మీద కూర్చుని చిప్స్ తింటుంటాడు. ప్రపంచం ఏమైపోతుందోనన్న బెంగ ఆ తల్లి ముఖంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. కొట్టు బోర్డు మీద 'జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫొటోలు' అని ఉంటుంది. దాని కింద నేనే బ్రష్షుతో రాసిన ఇంకో లైను: 'అన్ని తరగతులకు ప్రాజెక్టులు చేయబడును.' పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. భూగోళం వేడెక్కడాన్ని ఎన్నిసార్లు లామినేషన్ చేశానో లెక్కలేదు. ఈ అనుభవం నాతోనే పోకూడదని, తల్లిదండ్రుల మేలు కోరి, ప్రపంచ సమస్యను ఎంచుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. శ్రద్ధగా పాటిస్తే మార్కులు ఖాయం. ఈ వంకన పిల్లలకు ఏమైనా తెలిసిపోతుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు.

1. సమస్య ఎంత పెద్దదైతే శ్రమ అంత తక్కువ

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు చిన్న విషయం ఎంచుకోవడం. చిన్న విషయానికి హద్దులుంటాయి. హద్దులుంటే అవి సరిగ్గా ఉన్నాయా అని చూసేవాళ్లుంటారు. 'ప్రపంచ శాంతి', 'భూమిని కాపాడుదాం', 'నీరే ప్రాణం' వంటివి తీసుకుంటే ఆ బెడద ఉండదు. ఎవరూ కాదనరు. కాదనలేని దాని మీద ప్రశ్నలు రావు.

ఈ విషయంలో ఐక్యరాజ్యసమితి మా వ్యాపారానికి చేసిన మేలు మరువలేనిది. 2015 సెప్టెంబరులో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, 2030లోగా చేరుకోవాలని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. పేదరికం, ఆకలి, చదువు, నీళ్లు, సముద్రం, అడవి అన్నీ అందులోనే. ఒక్కో లక్ష్యానికి ఒక్కో రంగు. కలిపితే చక్కని రంగుల చక్రం. కలర్ ప్రింటు ఇరవై రూపాయలు. ఏ ప్రాజెక్టు అట్ట మీదైనా ఇమిడిపోతుంది. పదిహేడూ ఒకేసారి తీసుకోండి. పదిహేడింటి గురించి చెప్పమని పిల్లవాణ్ని అడిగే ఓపిక ఏ జడ్జికీ ఉండదు.

ఒక హెచ్చరిక. ఆ 17 కింద 169 చిన్న లక్ష్యాలున్నాయి. వాటి జోలికి మాత్రం పోకండి. ఆరో లక్ష్యాన్నే చూడండి. నీళ్లు, పారిశుద్ధ్యం. దాని కింద మొట్టమొదటి చిన్న లక్ష్యం: 2030లోగా అందరికీ, భరించగలిగే ఖర్చులో, సురక్షితమైన తాగునీరు అందాలి. చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. కానీ ఆ 'అందరికీ' అన్న మాటలో మీ వీధి కూడా ఉంది. తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

2. బస్సు వెళ్లే చోట ప్రపంచ సమస్య ఉండదు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. సమస్య ఎంత దూరంలో ఉంటే దానికి అంత గౌరవం. నా కొట్టులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే జంతువు ధ్రువపు ఎలుగుబంటి. చిన్న మంచుముక్క మీద దిగులుగా నిలబడి ఉంటుంది. దానికున్న గొప్ప గుణం ఏమిటంటే, అది మన మండలానికి వచ్చి 'నా గురించి తప్పు రాశావు' అనదు. ఒకసారి ఒక అబ్బాయి దాన్ని తెచ్చి పెంగ్విన్ల మధ్య అంటించాడు. ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువం వైపు, పెంగ్విన్లు ఉండేది దక్షిణాన. అవి కలుసుకోవాలంటే భూగోళం ఈ కొస నుంచి ఆ కొసకు రావాలి. అయినా రెండో బహుమతి వచ్చింది. జడ్జి కూడా అటువైపు ఎప్పుడూ పోయినట్టు లేదు.

ఇంకో అబ్బాయి 'వలస' అనే థీమ్ తెచ్చుకున్నాడు. మంచి ఎంపిక. మధ్యధరా సముద్రంలో పడవ నిండా మనుషులున్న బొమ్మ తీసి ప్రింటుకు పెట్టాను. అంతలో వాళ్లమ్మ ఫోనుకి వీడియో కాల్ వచ్చింది. తెర మీద తలకు హెల్మెట్, వెనక ఎత్తైన క్రేన్లు. మస్కట్ నుంచి వాళ్ల నాన్న. 'ఏం ప్రాజెక్టు నానా?' అని అడిగాడు. 'వలస డాడీ' అన్నాడు వాడు. 'మంచిగ చెయ్' అన్నాడాయన. ఫోను పెట్టేశాక వాడు నావైపు చూసి, 'అంకుల్, మా డాడీది గూడ వలసనేనా?' అన్నాడు. ఇలాంటప్పుడే అనుభవం పనికొస్తుంది. 'కాదు బిడ్డా, మీ డాడీది డ్యూటీ. వలసంటే పడవల పోవాలె' అని సర్దిచెప్పి, పడవ బొమ్మకు నీలం అంచు వేసి ఇచ్చాను. లేకపోతే వాడు ఆ రాత్రంతా నాన్నకు ఫోన్ చేసి, ఏజెంటుకు ఎంత కట్టావు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, గదిలో ఎంతమంది ఉంటారు అని అడుగుతూ కూర్చునేవాడు. ప్రాజెక్టు పూర్తయ్యేదా?

3. సరుకును బట్టి సమస్య

కూరగాయలు చూసుకునే కదా కూర ఏం వండాలో నిర్ణయించేది. ఇదీ అంతే. ముందు కొట్టులో ఏ రంగు చార్టులు మిగిలాయో కనుక్కోండి. నీలం ఉంటే నీటి సంక్షోభం. ఆకుపచ్చ ఉంటే అడవుల నరికివేత. ఎరుపు ఉంటే భూతాపం. నలుపు ఎవరూ కొనరు కాబట్టి బడులు మూసే వారంలో దాన్ని కాలుష్యం కింద సగం ధరకు ఇస్తాను.

ప్లాస్టిక్ కాలుష్యానికి సరుకు ఎక్కువ పడుతుంది. అందుకే అది నాకు ఇష్టమైన సమస్య. అడుగున రెండు థర్మకోల్ షీట్లు, వాటి మీద గ్లేజ్ పేపరు సముద్రం, గ్లిట్టర్ చల్లిన అలలు, ప్లాస్టిక్ చేపలు, చుట్టూ సెల్లో టేపు, పైన 'సే నో టు ప్లాస్టిక్' అని మెరిసే స్టిక్కర్ అక్షరాలు. మొత్తం నాలుగు వందల ఇరవై.

ఆ మధ్య ఒక మాస్టారు వచ్చి, 2022 జూలై 1 నుంచి మన దేశంలో అలంకరణకు వాడే థర్మకోల్‌ను నిషేధించారని చెప్పారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో అదీ ఉందట. బెలూన్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, వంద మైక్రాన్లలోపు ఫ్లెక్సీ బ్యానర్లు కూడా ఉన్నాయట. నేను వినయంగానే చెప్పాను: 'సార్, అది అలంకరణకు. ఇది చదువు.' ఆయన ఏమీ అనలేక రెండు షీట్లు తీసుకుని వెళ్లారు. వాళ్ల అమ్మాయికీ మరునాడే సబ్మిషన్.

4. ఆవు వ్యాసాన్ని నమ్ముకోండి

ఆవు వ్యాసం ఒక్కటే నేర్చుకున్న కుర్రాడి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఏ వ్యాసం ఇచ్చినా తిప్పితిప్పి ఆవును తీసుకొచ్చి చెట్టుకు కట్టేస్తాడు. నవ్వుకున్నాం గానీ వాడు గురువు. ప్రతి ప్రాజెక్టుకూ ఒకే కారణం, ఒకే పరిష్కారం ఉంచుకోవాలి.

నా దగ్గర కారణం కింద ఓజోన్ పొర ఉంటుంది. కొట్టు పెట్టిన కొత్తలో తయారు చేయించిన మాస్టర్ కాపీ అది. భూమి చుట్టూ గొడుగు, గొడుగుకు చిరుగు, చిరుగులోంచి ఎర్రటి బాణాలు. కరవు, తుపాను, ఎండ, వాన దేనికైనా అదే వేసి ఇస్తాను. ఇంతకు ముందు చెప్పిన మాస్టారే ఒకరోజు దాన్ని పట్టుకుని చాలాసేపు చూశారు. ఓజోన్‌ను దెబ్బతీసింది ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన వాయువులని, వాటిని ఆపడానికి 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నారని, దేశాలు దాన్ని నిజంగానే పాటించాయని, పొర నెమ్మదిగా కోలుకుంటోందని చెప్పారు. భూమి వేడెక్కడానికి అసలు కారణం బొగ్గు, పెట్రోలు మండిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ అట. హవాయిలోని ఒక కొండ మీద 1958 నుంచి దాన్ని కొలుస్తూనే ఉన్నారట. మొదట్లో గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటిందట. రెండూ వేరు వేరు కథలు, ఒకటి మనుషులు కలిస్తే బాగుపడిన కథ, రెండోది ఇంకా బాగుపడని కథ, పిల్లలకు చెప్పాల్సింది ఆ తేడానే అన్నారు.

విన్నాను. కానీ చిరుగు పూడిపోతే నా మాస్టర్ కాపీ ఏం గావాలి?

పరిష్కారాలు కూడా సిద్ధంగా ఉంచుకోండి. చెట్లు నాటాలి. ప్రజలకు అవగాహన కల్పించాలి. ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. మనమంతా చేయి చేయి కలపాలి. ఈ నాలుగూ ఒక స్లిప్పు మీద ముద్రించి ఉంచాను, రెండు రూపాయలు. యుద్ధాలకూ పనికొస్తాయి, దోమలకూ పనికొస్తాయి.

5. ఏదీ కొలవకండి, ఎవరినీ అడగకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎందుకంటే ఈ చిట్కా పాటించని ఒక అమ్మాయి వల్ల నేను పడ్డ ఇబ్బంది అంతా ఇంతా కాదు.

ఏడో తరగతి. ఒంటరిగా వచ్చింది. చేతిలో నాలుగు సీసాలు, నాలుగింటికీ కాగితం చీటీలు.

'ఏం గావాలె బిడ్డా?'

'చార్టు అంకుల్. తెల్లది. నీళ్ల మీద చేస్తున్న.'

'నీళ్లకు నీలం చార్టు గదా. గ్లోబల్ వాటర్ క్రైసిస్ రెడీగ ఉంది. బీటలు వారిన భూమి, కుండ పట్టుకున్న పిలగాడు. నూటెనభై.'

'వద్దంకుల్. మా ఇంటి బోరు, మా పాత చేదబావి, మిషన్ భగీరథ నల్లా, క్యాను. నాలుగిట్ల ఫ్లోరైడ్ ఎంతుందో చూస్త.'

జాలేసింది. నల్లగొండలో కూర్చుని ఫ్లోరైడ్ ప్రాజెక్టా! ఇంతకన్నా లోకల్ సమస్య ఉంటుందా? మన బండలు గ్రానైటు, ఆ రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాళ్లతో ఎక్కువ కాలం ఉంటాయి కాబట్టి ఇంకా దిగుతుంది. ఇది ఈ జిల్లాలో గొర్రెల కాపరికి కూడా తెలుసు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మించితే చిన్నపిల్లల పళ్ల మీద మచ్చలు, పెద్దవాళ్లకు ఎముకలు బిగుసుకుని నడుము వంగిపోవడం. ఈ తెలుగు నేల మీదే, నెల్లూరు వైపు పల్లెల్లో, వైద్యులు దీన్ని గుర్తించి 1937లోనే రాశారు. అంత పాత సంగతి. థీమ్ అన్నాక కాస్త కొత్తగా ఉండాలి కదా.

'బిడ్డా, సబ్జెక్టు గ్లోబల్ ఉండాలె. ఇది మన ఊరి ముచ్చట' అన్నాను.

'గ్లోబలే అంకుల్. ఇథియోపియాల ఉంది, కెన్యాల ఉంది, టాంజానియాల ఉంది. ఆడ రిఫ్ట్ వ్యాలీ అని ఉంటదట. గా నీళ్లల్ల గిట్లనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి నాగపూర్ సైంటిస్టులు కనుక్కున్నరు. దాని పేరేందో తెల్సా? నల్లగొండ టెక్నిక్. అది టాంజానియాకు, ఇథియోపియాకు గూడ పోయింది.'

మా జిల్లా పేరు పెట్టుకుని ఒక బక్కెట్టు సున్నం నీళ్లు ఆఫ్రికా దాకా వెళ్లి వచ్చాయట. నేను విజయవాడ దాటింది లేదు.

ఆఫ్రికా అన్నది కాబట్టి కొంత నయమనిపించింది. సరే, ఇథియోపియా బొమ్మ ఒకటి వేసి ఇస్తానన్నాను. తను పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. తెరిచాను. ఒక పిల్లవాడు నవ్వుతున్నాడు. అంతే. మంచుముక్క లేదు, బీటల భూమి లేదు. కానీ ఆ పళ్లు. అంచుల్లో సున్నం తెలుపు, మధ్యలో గోధుమరంగు చారలు, ఒకదానికి చిన్న గుంట.

ప్రింటరు కూతపెట్టి ఆగింది. కాగితం అయిపోయిందనుకుంటాను. మార్చడానికి కాస్త ఎక్కువ సేపే పట్టింది.

'అంకుల్, ఈ ఫొటో పక్కన మన ఊరోళ్లది ఇంకోటి పెట్టాలె. మా నాయినమ్మను అడిగిన. నడుము చూపిస్త గాని పళ్లు లేవు గదనే అన్నది. మా నాన్న ఒద్దన్నడు. ఎవ్వరు ఫొటో తియ్యనిస్తలేరు.' అంటూ నావైపు చూసింది.

నేను పెదాలు మూసుకున్నాను. పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేవాణ్ని కాబట్టి అది నాకు వృత్తిలో భాగం. 'నోరు మూసి, నేరుగా చూడండి' అని రోజూ పదిమందికి చెబుతాను. మా వైపు నా ఈడు వాళ్లకు ఆ మాట చెప్పాల్సిన అవసరం రాదు. కెమెరా చూస్తేనే మూసేస్తారు.

'స్టాక్ లేదు బిడ్డా' అన్నాను.

6. పైపై మెరుగులు

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పేరు ఇంగ్లీషులో ఉండాలి, అర్థం కానంత ఉండాలి. స్పైరల్ బైండింగ్ తప్పనిసరి. లోపల పేజీలు తిరగేసేలోపు బెల్లు కొడతారు. పిల్లవాడి చేత నాలుగు వాక్యాలు బట్టీ పట్టించండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమని చెప్పండి. రెండోసారికి జడ్జి పక్క బల్లకు వెళ్లిపోతాడు.

7. ప్రదర్శన రోజు ఏం జరుగుతుంది

నా ప్రాజెక్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడానికి ప్రతి ఏడూ వెళ్తాను. ఈసారి హాలు నిండా నావే. మూడు ఎలుగుబంట్లు, రెండు ప్లాస్టిక్ సముద్రాలు, చిరిగిన గొడుగులు అయిదు. మొదటి బహుమతి కరిగే మంచుకొండకు. దానికి లోపల చిన్న బల్బు పెట్టాను.

ఆ అమ్మాయికి ఏమీ రాలేదు. 'బాగుంది గానీ థీమ్ గ్లోబల్ కాదు' అన్నారట. నేను చెప్పిన మాటే.

కానీ ఆమె బల్ల దగ్గర లైను ఎందుకుందో మొదట అర్థం కాలేదు. వంటచేసే ఆమె, స్కూలు బస్సు డ్రైవరు, పిల్లల్ని తీసుకుపోను వచ్చిన తాతలు. అందరి చేతుల్లో నీళ్ల సీసాలు. అమ్మాయి ఒక్కొక్కరి నీళ్లు గాజు గొట్టంలో పోసి, కిట్టులోని మందు చుక్కలు వేసి, రంగుల పట్టీ పక్కన పెట్టి చూపిస్తోంది. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది. పెరిగేకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. నల్లా నీళ్లకు గులాబీ నిలిచింది. బోరు నీళ్లు పసుపుకు తిరిగాయి. పసుపు తేలిన ఒకాయన ఏమీ అనకుండా తన సీసా మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. 'మరి ఇంట్ల నల్లా రాని రోజు ఏం తాగాలె?' అని ఒకామె అడిగింది. ఆ ప్రశ్నకు నా రెండు రూపాయల స్లిప్పులో జవాబు లేదు. చెట్లు నాటితే తగ్గేది కాదది.

ఎంత అల్లరో చూడండి. మంచుకొండ దగ్గర ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా? ఎవరైనా ఇంటికి బెంగతో వెళ్లారా?

తెల్ల చార్టు మీద రెండు చతురస్రాలు గీసి ఉన్నాయి. మొదటి దాంట్లో ఇథియోపియా పిల్లవాడు నవ్వుతున్నాడు. రెండోది ఖాళీ. కింద స్కెచ్ పెన్నుతో 'మన ఊరు' అని రాసి ఉంది.

మరునాడు పొద్దున్నే కొట్టు తీయకముందే ముగ్గురు వచ్చి నిలబడ్డారు. చార్టుకు కాదు. 'ఆ చుక్కల మందు మీ దగ్గర దొరుకుతదా?' అని. పందొమ్మిదేళ్లలో ప్రపంచ సమస్యను వెతుక్కుంటూ నా దగ్గరికి పెద్దవాళ్లు తమ కోసం రావడం ఇదే మొదలు. లేదని పంపేశాను. ఇలాంటి గిరాకీ వ్యాపారానికి మంచిది కాదు. ఒక్కసారి కొలవడం నేర్చుకున్నవాడు మళ్లీ రంగుల చక్రం కొనడు.

8. ఆఖరి చిట్కా

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. మీ పిల్లలకు ఏ థీమ్ అయినా ఇప్పించండి, వాళ్ల నోట్లోంచి, వాళ్ల ఇంట్లోంచి, వాళ్ల నల్లాలోంచి మొదలయ్యేది మాత్రం వద్దు. పళ్ల మీది మచ్చ అసలు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల గుర్తు. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు. పోని దాన్ని ప్రాజెక్టు చేసి ఏం లాభం? నోరు మూసుకుని ఎలుగుబంటిని అంటించుకోవడం అన్ని విధాలా క్షేమం.

ఆ ముగ్గురినీ పంపేసిన రాత్రి కొట్టు మూశాక కెమెరా లెన్సు తుడిచి, సరిగా పనిచేస్తుందో లేదో చూద్దామని స్టూలు మీద కూర్చుని టైమర్ పెట్టి ఒక ఫొటో తీసుకున్నాను. వ్యాపారం అన్నాక పరికరాలు పరీక్షించుకోవాలి. ఎందుకో నోరు మూయడం మరిచిపోయాను. గ్లాసీ పేపరు మీద, ఆ చార్టులోని రెండో చతురస్రానికి సరిపోయే కొలతలో, బాగానే వచ్చింది.

కవర్లో పెట్టి గల్లాపెట్టె కింద ఉంచాను. ఇంకా ధర వేయలేదు. ఆ అమ్మాయి అడిగితే స్టాక్ ఉందనే చెప్తాననుకుంటాను.